లెఫ్ట్, రైట్ కలిపి సబ్‌వూఫర్ యాంప్‌కి ఇవ్వాలి: రెండు వైర్లు ముడేస్తే సరిపోతుందా?

వూఫర్‌వీర

అందరికీ నమస్కారం. పాత సిస్టమ్‌లోంచి తీసిన 8 అంగుళాల వూఫర్ ఒకటి నా దగ్గర ఉంది, 4 ఓమ్‌లది. దానికోసం టీడీఏ2050తో మోనో యాంప్ కట్టాను. ప్లస్ మైనస్ 18 వోల్టుల సప్లై మీద బాగానే పాడుతోంది. చిక్కంతా ఇన్‌పుట్ దగ్గరే. కంప్యూటర్ నుంచి వచ్చేది స్టీరియో, నా యాంప్‌కి ఉన్నది ఒకటే ఇన్‌పుట్. పైగా అదే అవుట్‌పుట్ మీద రెండు చిన్న పవర్డ్ స్పీకర్లు కూడా మామూలుగా స్టీరియోలో పాడాలి.

లెఫ్ట్ వైరు, రైట్ వైరు కలిపి మెలేసి ఇన్‌పుట్‌కి ఇచ్చేయొచ్చా? ఒక వీడియోలో అలాగే చేశాడు. ఇంకో వీడియోలో రెండు రెసిస్టర్లు పెట్టాడు, విలువ మాత్రం చెప్పలేదు. మూడో ఆయన ఏకంగా ఐసీ పెట్టాడు. ఎవరి మాట వినాలి?

సోల్డర్‌పొగ

మొదటి వీడియో మర్చిపో తమ్ముడూ.

లైన్ అవుట్‌లో (యాంప్‌కి ఇవ్వడానికి ఉండే సౌండ్ జాక్) ఒక్కో ఛానెల్ వెనక ఒక్కో చిన్న యాంప్లిఫైయర్ కూర్చుని ఉంటుంది. తన పిన్ మీద ఎంత వోల్టేజ్ ఉండాలో అంతే ఉంచాలని చూడటమే దాని పని. పాటలో ఒక క్షణాన లెఫ్ట్ ప్లస్ 1 వోల్ట్, రైట్ మైనస్ 1 వోల్ట్ ఉందనుకో. రెండూ ముడేస్తే ఒకడు బండిని ముందుకు తోస్తుంటే ఇంకొకడు వెనక్కి లాగినట్టు ఉంటుంది. ఒక్కో అవుట్‌పుట్ లోపల 100 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే ఆ 2 వోల్టులకి 10 మిల్లీ ఆంపియర్లు ఊరికే అటూ ఇటూ పారుతాయి. అదే హెడ్‌ఫోన్ జాక్ అయితే లోపలి నిరోధం కొద్ది ఓమ్‌లే. కరెంటు లిమిట్ తగిలేదాకా పారుతుంది, సౌండ్ చిరిగిపోతుంది.

ఇంకోటి, నీ చిన్న స్పీకర్లు కూడా ఆ రెండు వైర్ల మీదే ఉన్నాయి. ముడేసిన మరుక్షణం అవి కూడా మోనో అయిపోతాయి.

రెండో వీడియో కరెక్ట్. ఒక్కో ఛానెల్‌లో 4.7కె (అంటే 4700 ఓమ్‌ల) రెసిస్టర్ పెట్టు, రెండింటి అవతలి కొసలు కలిపి యాంప్ ఇన్‌పుట్‌కి ఇవ్వు. అయిపోయింది.

బేస్‌బాబాయ్

నేను ఏళ్ల తరబడి ముడేసే వాడుతున్నా, ఇంతవరకు ఏమీ కాలిపోలేదు. ఊరికే భయపెట్టకండి.

పాతరేడియో

బాబాయ్, మీది కాలకపోవడానికి కారణం ఉంది. చాలా పరికరాల్లో అవుట్‌పుట్‌కి సిరీస్‌లో 100 నుంచి 600 ఓమ్‌ల దాకా రెసిస్టర్ ముందే పెట్టి ఉంటుంది. అంటే మీరు పెట్టని రెసిస్టర్లు తయారు చేసినవాళ్లే పెట్టి పంపారు. అవి చిప్‌ని కాపాడతాయి గానీ మీ స్టీరియోని కాపాడవు. మెయిన్ స్పీకర్లు దానిమీద లేకపోతే తేడా మీకు తెలిసే అవకాశమే లేదు.

వై కేబుల్ (ఒక కొస రెండుగా చీలేది) విషయంలో అందరూ తికమకపడేది ఇక్కడే. ఒక అవుట్‌పుట్‌ని రెండు ఇన్‌పుట్‌లకి పంచడానికి వై కేబుల్ నిక్షేపంగా వాడొచ్చు. రెండు అవుట్‌పుట్‌లని ఒక ఇన్‌పుట్‌లో కలపడానికి వాడకూడదు. చూడ్డానికి కేబుల్ ఒకటే, చేసే పని మాత్రం పూర్తిగా వేరు.

చిన్నస్విచ్

మధ్యలో దూరుతున్నా. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఉంటుంది కదా, అది ఆన్ చేస్తే పోలా? లేదంటే లెఫ్ట్ ఒక్కటే తీసుకుంటే?

సోల్డర్‌పొగ

మోనో ఆన్ చేస్తే చిన్న స్పీకర్లకీ మోనోనే వెళ్తుంది. వీరకి అది వద్దు.

లెఫ్ట్ ఒక్కటే తీసుకుంటే చాలా పాటల్లో తేడా తెలియదు, ఎందుకంటే బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ సాధారణంగా మధ్యలోనే మిక్స్ చేస్తారు. రైట్ వైపుకి నెట్టిన వాయిద్యం ఏదైనా ఉంటే మాత్రం దాని కింది స్వరాలు సబ్‌కి అందవు. రెండు రెసిస్టర్లకి బద్ధకిస్తే ఎలా?

వూఫర్‌వీర

థాంక్స్ అన్నా. రెండు సందేహాలు. 4.7కె ఎందుకు, 1కె గానీ 47కె గానీ ఎందుకు కాదు? రెసిస్టర్లు పెడితే సౌండ్ సగానికి పడిపోతుందని ఒకరన్నారు, నిజమేనా?

ఓమ్‌లెక్క

లెక్క నేను చెప్తా.

రెండు సమానమైన రెసిస్టర్లతో కలిపితే మధ్య బిందువు దగ్గర వచ్చేది లెఫ్ట్, రైట్‌ల సగటు, అంటే రెండూ కూడి సగం చేసినది. ఒక్క లెఫ్ట్‌లోనే సిగ్నల్ ఉంటే అది సగమవుతుంది, 6 డెసిబెల్స్ పడిపోతుంది. ఆ మాట నిజం. కానీ బేస్ రెండు ఛానెళ్లలోనూ ఒకేలా ఉన్నప్పుడు సగటు కూడా అంతే ఉంటుంది. 1 వోల్ట్, 1 వోల్ట్ సగటు 1 వోల్టే. కాబట్టి సబ్‌కి కావలసిన సరుకు దాదాపు పూర్తిగా వస్తుంది. పోయేదల్లా పక్కలకి నెట్టినవి, గది ప్రతిధ్వని లాంటివి. వాటితో సబ్‌కి పెద్దగా పని లేదు.

ఇక విలువ. రెండు వైపుల నుంచీ నొక్కే లెక్కలున్నాయి. రెసిస్టర్ చిన్నదైతే ఒక ఛానెల్ రెండోదాంట్లోకి కారుతుంది. సోర్స్ లోపల 100 ఓమ్‌లు ఉన్నాయనుకో. 1కె జత పెడితే రైట్ సిగ్నల్ 2కె దాటి లెఫ్ట్ లోపలి 100 ఓమ్‌ల మీద పడుతుంది, అంటే సుమారు 21లో ఒక వంతు, మైనస్ 26 డెసిబెల్స్. స్టీరియో కొంచెం ఇరుకవుతుంది. 10కె జత పెడితే 200లో ఒక వంతు, మైనస్ 46. అది చెవికి అందదు.

రెసిస్టర్ మరీ పెద్దదైతే యాంప్ ఇన్‌పుట్ దాన్ని తినేస్తుంది. టీడీఏ2050 మామూలు సర్క్యూట్‌లో ఇన్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 22కె ఉంటుంది. 10కె జత అంటే బయటికి 5కెలా కనిపిస్తుంది, 22కె మీద పడితే 1.8 డెసిబెల్స్ పోతుంది, ఏం కాదు. 47కె జత అయితే 23.5కె, సగానికి పైగా ఇన్‌పుట్‌కి చేరకుండానే పోతుంది, పైగా ఆ వైరు చుట్టుపక్కల కరెంటు లైన్ల హమ్మంతా (గుయ్‌మనే శబ్దం) పట్టుకుంటుంది.

4.7కె నుంచి 10కె మధ్య ఏదైనా పర్వాలేదు.

క్రాస్ఓవర్

అందరూ రెసిస్టర్ల దగ్గరే ఆగిపోయారు. ఫిల్టర్ మాటేంటి? కలిపింది కలిపినట్టే సబ్‌కి పంపితే గొంతులు కూడా వూఫర్‌లోంచే వస్తాయి, మూలన కూర్చుని డబ్బాలోంచి ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది. మోనో చెల్లుబాటయ్యేదే కింది ఫ్రీక్వెన్సీల్లో. 80 హెర్ట్జ్ దగ్గర ధ్వని తరంగం పొడవు 4.3 మీటర్లు. మన రెండు చెవుల మధ్య దూరం అందులో ఒక మూలకి రాదు, అందుకే అది ఏ వైపు నుంచి వస్తోందో చెవి పట్టుకోలేదు. 150, 200 దాకా వదిలేస్తే సబ్ ఎక్కడుందో కళ్లు మూసుకుని చూపించొచ్చు.

నా సలహా ఐసీ పెట్టమనే. ఆప్ యాంప్ అనే చిన్న యాంప్లిఫైయర్ చిప్‌తో ఇన్వర్టింగ్ సమ్మింగ్ యాంప్ (రెండు సిగ్నళ్లని కూడి తలకిందులు చేసి ఇచ్చేది), దాని తర్వాత లో పాస్ ఫిల్టర్ (కింది ఫ్రీక్వెన్సీలనే పోనిచ్చేది). ఆప్ యాంప్ మైనస్ పిన్ దగ్గర వర్చువల్ గ్రౌండ్ ఉంటుంది (వోల్టేజ్ ఎప్పుడూ సున్నా దగ్గరే నిలుస్తుంది) కాబట్టి ఒక ఛానెల్ రెండోదాంట్లోకి కారే ప్రశ్నే లేదు. ఇన్‌పుట్‌లు 22కె చొప్పున, ఫీడ్‌బ్యాక్ 10కె. ఫీడ్‌బ్యాక్ కూడా 22కె పెడితే లెఫ్ట్ ప్లస్ రైట్ మొత్తం వస్తుంది, బేస్ రెట్టింపై గట్టి పాటల్లో క్లిప్ అవుతుంది, అంటే సిగ్నల్ కొసలు తెగిపోతాయి. సగానికి దగ్గర్లో ఉంచడమే మేలు.

సోల్డర్‌పొగ

కొత్తగా నేర్చుకుంటున్నవాడికి రెండు ఆప్ యాంప్‌లు, రెండు సప్లైలు అంటగట్టడం అవసరమా? రెండు 4.7కె, జంక్షన్ నుంచి గ్రౌండ్‌కి ఒక కెపాసిటర్. 1 మైక్రో పెడితే 2.35కెతో (రెండు 4.7కెలు పారలల్‌లో) 68 హెర్ట్జ్ కటాఫ్, అంటే ఫిల్టర్ కోయడం మొదలెట్టే ఫ్రీక్వెన్సీ, వస్తుంది. మూడే మూడు పార్టులు.

క్రాస్ఓవర్

అది ఫస్ట్ ఆర్డర్. ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ, 6 డెసిబెల్సే తగ్గుతుంది. 68 దగ్గర మొదలెడితే 270 హెర్ట్జ్ దగ్గర కూడా 12 డెసిబెల్సే తగ్గి ఉంటుంది. మగ గొంతు హాయిగా వినిపిస్తుంది. పైగా ఆ కెపాసిటర్ బరువు సోర్స్ మీద కూడా పడుతుంది. సబ్‌కి కనీసం సెకండ్ ఆర్డర్ (ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్) లేకపోతే సబ్ అనకూడదు.

ఓమ్‌లెక్క

మీ ఇద్దరికీ కుదిరే దారి ఒకటుంది. ఒకే ఆప్ యాంప్‌తో కలపడమూ ఫిల్టర్ చేయడమూ రెండూ అయిపోతాయి.

యూనిటీ గెయిన్ సాలెన్-కీ లో పాస్ (సిగ్నల్‌ని పెంచకుండా ఉన్నంతే పంపే ఒక ఆప్ యాంప్ ఫిల్టర్ సర్క్యూట్) తీసుకోండి. అందులో సిరీస్‌లో రెండు సమానమైన రెసిస్టర్లు ఉంటాయి. మొదటి రెసిస్టర్ 15కె కావాలనుకుందాం. దాని బదులు లెఫ్ట్ నుంచి ఒక 30కె, రైట్ నుంచి ఒక 30కె తెచ్చి కలపండి. జంక్షన్ వైపు నుంచి చూస్తే రెండూ పారలల్‌లో 15కెలానే కనిపిస్తాయి, సిగ్నల్ ఏమో రెండింటి సగటు. ఫిల్టర్‌కి కావలసిందీ అదే. మిక్సింగ్ రెసిస్టర్లే ఫిల్టర్ మొదటి రెసిస్టర్ అయిపోయాయన్నమాట.

మిగతాది ఇలా:
జంక్షన్ నుంచి 15కె, అక్కణ్ణించి ఆప్ యాంప్ ప్లస్ పిన్‌కి.
ప్లస్ పిన్ నుంచి గ్రౌండ్‌కి 100 నానో ఫ్యారడ్.
జంక్షన్ నుంచి ఆప్ యాంప్ అవుట్‌పుట్‌కి 200 నానో, అంటే రెండు 100 నానోలు పక్కపక్కన పారలల్‌లో.
మైనస్ పిన్ నేరుగా అవుట్‌పుట్‌కి.

కటాఫ్ 75 హెర్ట్జ్, ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్, క్యూ (కటాఫ్ దగ్గర వంపు ఎంత పదునో చెప్పే అంకె) 0.707. ఒక కెపాసిటర్ రెండోదానికి సరిగ్గా రెట్టింపు ఉండటం వల్లే ఆ క్యూ వస్తుంది, కాబట్టి అవి తారుమారు చేయకండి. పెద్దది ఎప్పుడూ అవుట్‌పుట్‌కి వెళ్లేదే. 30కె దొరక్కపోతే 33కె జత పెట్టినా నష్టం లేదు, 71 హెర్ట్జ్‌కి దిగుతుంది అంతే.

కారడం సంగతి: లెఫ్ట్ నుంచి రైట్‌కి మధ్యలో 60కె ఉంది. 100 ఓమ్‌ల సోర్స్ మీద మైనస్ 55 డెసిబెల్స్. పై ఫ్రీక్వెన్సీల్లో జంక్షన్‌ని 200 నానో కెపాసిటర్ ఆప్ యాంప్ అవుట్‌పుట్‌కి కట్టిపడేస్తుంది కాబట్టి ఇంకా తక్కువ.

సోల్డర్‌పొగ

ఇది బాగుంది. ఒప్పుకున్నా. నా మూడు పార్టులకి ఇంకో నాలుగే కలిశాయి.

పాతరేడియో

లెక్క గారి సర్క్యూట్‌కి ఒక చిన్న చేర్పు. ఇన్‌పుట్ జాక్ దగ్గర ఒక్కో ఛానెల్ నుంచి గ్రౌండ్‌కి 100కె పెట్టండి. సోర్స్ అవుట్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే ఆప్ యాంప్ ప్లస్ పిన్‌కి డీసీ దారి ఉండదు. అప్పుడు పిన్ నెమ్మదిగా ఒక పక్కకి కొట్టుకుపోయి అవుట్‌పుట్ సప్లైకి అతుక్కుంటుంది. కేబుల్ పీకినప్పుడు కూడా అదే జరుగుతుంది, వూఫర్ ధబ్‌మంటుంది.

కెపాసిటర్లు 104 అని రాసి ఉండే పాలిస్టర్‌వి తీసుకోండి. సిరామిక్‌లో ఎక్స్7ఆర్ రకం ఇక్కడ వద్దు. వోల్టేజ్‌ని బట్టి దాని విలువ మారుతుంది, తడితే మైక్‌లా పలుకుతుంది కూడా. వూఫర్ పక్కనే ఉండే బోర్డుకి ఆ రెండో గుణం అస్సలు మంచిది కాదు.

వూఫర్‌వీర

అద్భుతం! నా దగ్గర టీఎల్072 ఉంది. ప్లస్ మైనస్ 18 నేరుగా ఇచ్చేయొచ్చా? అందులో రెండు ఆప్ యాంప్‌లు ఉంటాయి కదా, రెండోదాన్ని ఏం చేయాలి?

క్రాస్ఓవర్

నేరుగా వద్దు. పాత టీఎల్072కి గరిష్ఠ హద్దే ప్లస్ మైనస్ 18. లోడ్ లేనప్పుడు నీ సప్లై 18 కంటే పైకే పోతుంది. ఎన్ఈ5532 అయితే 22 దాకా తట్టుకుంటుంది గానీ హద్దు మీద నడపడం ఎందుకు? 7812, 7912 పెట్టి ప్లస్ మైనస్ 12 చేసుకో.

ఈ రెండు రెగ్యులేటర్ల కాళ్లు ఒకటి కావు, జాగ్రత్త. 7812ని ముందు నుంచి చూస్తే ఎడమ నుంచి ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. 7912 వెనక రేకు ఇన్‌పుట్‌కి, అంటే మైనస్ 18కి కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి మైకా లేకుండా బిగిస్తే మైనస్ సప్లై గ్రౌండ్‌కి షార్ట్. అసలు నీ లోడ్ కొద్ది మిల్లీ ఆంపియర్లే, హీట్‌సింక్ అక్కర్లేదు.

ఐసీ సప్లై కాళ్లకి ఆనుకునేలా చెరో 100 నానో పెట్టు. రెండో ఆప్ యాంప్‌తో పని లేకపోతే గాలికి వదలకు. ప్లస్ పిన్ గ్రౌండ్‌కి, మైనస్ పిన్ దాని అవుట్‌పుట్‌కి కలిపెయ్. వాల్యూమ్ పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) ఫిల్టర్ తర్వాత రావాలి, 10కె లాగ్ రకం. ఫిల్టర్ ముందు పెడితే పాట్ తిప్పినప్పుడల్లా మొదటి రెసిస్టర్ విలువ మారి కటాఫ్ జారిపోతుంది.

కొత్తచేయి

క్షమించాలి, నాదీ ఇలాంటి సమస్యే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. నేను ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి తీసుకున్నా. దానికి పెద్ద 6.35 ఎంఎం జాక్ ఉంది. స్టీరియో పిన్ పెట్టి టిప్ (పిన్ కొస), రింగ్ (మధ్య వలయం) రెండింటినీ 10కెలతో కలిపితే అసలు సౌండే లేదు! ఒక్కోటి విడిగా ఇస్తే బాగానే వస్తోంది. రెసిస్టర్లు మార్చి చూశా, అంతే. బుర్ర వేడెక్కుతోంది.

పాతరేడియో

అది స్టీరియో జాక్ కాదు నాన్నా, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్. పిన్ ఆకారం ఒకటే కాబట్టి అందరూ మోసపోతారు. టిప్ మీద సిగ్నల్ ఉంటే రింగ్ మీద అదే సిగ్నల్ తలకిందులుగా ఉంటుంది. ప్లస్ 1, మైనస్ 1 సగటు ఎంత? సున్నా. నీ మిక్సర్ సరిగ్గా పనిచేస్తోంది కాబట్టే సౌండ్ రావడం లేదు.

ఆ జాక్ ఒక ఛానెల్‌కి మాత్రమే. పక్కనే ఇంకో జాక్ ఉంటుంది చూడు, అది రైట్. రెండు జాక్‌ల నుంచీ టిప్, స్లీవ్ (పిన్ మొదట్లో ఉండే గ్రౌండ్ భాగం) మాత్రమే తీసుకో. రింగ్‌ని గ్రౌండ్ చేయాలా వదిలేయాలా అన్నది దాని మాన్యువల్ చూసి తేల్చుకో, అన్ని అవుట్‌పుట్‌లూ ఒకేలా ఉండవు. తెలియకపోతే వదిలేయడమే నయం.

కొత్తచేయి

పక్క జాక్ మీద ఆర్ అనే ఉంది!! వచ్చేసింది సార్. రింగ్ వదిలేశా. చాలా థాంక్స్.

చిన్నస్విచ్

నాదో ప్రశ్న. నా టీవీ పక్కన ఉన్న యాంప్‌కి లైన్ అవుట్ లేదు, స్పీకర్ టెర్మినల్స్ మాత్రమే ఉన్నాయి. వాటి నుంచి తీసుకోవచ్చా? రెండు ఎరుపులు కలిపి, రెండు నలుపులు గ్రౌండ్‌కి కలుపుదామనుకుంటున్నా.

సోల్డర్‌పొగ

ఆగు! ఏదీ కలపకు ఇంకా. ముందు మీటర్ తీసి డీసీ వోల్టుల్లో పెట్టి, నలుపు టెర్మినల్‌కీ ఆ యాంప్ సప్లై గ్రౌండ్‌కీ మధ్య ఎంతుందో చూసి చెప్పు. పాట ఆపి చూడు.

చిన్నస్విచ్

12 వోల్టుల దాకా చూపిస్తోంది. ఎరుపు మీద కూడా అంతే. అడాప్టర్ 24 వోల్టులది.

సోల్డర్‌పొగ

అనుకున్నా. అది బ్రిడ్జ్ యాంప్. నలుపు గ్రౌండ్ కాదు, అదీ ఒక అవుట్‌పుటే, సగం సప్లై మీద కూర్చుని ఉంది. దాన్ని గ్రౌండ్‌కి కలిపి ఉంటే అవుట్‌పుట్ స్టేజ్‌ని నేరుగా షార్ట్ చేసినట్టే. క్లాస్ డి బోర్డులు, కారు స్టీరియోలు ఎక్కువగా ఇలాంటివే.

నలుపులు రెండూ ముట్టుకోకు. లెఫ్ట్ ఎరుపు నుంచి 10కె, రైట్ ఎరుపు నుంచి 10కె, రెండూ కలిపి, అక్కణ్ణించి 4.7 మైక్రో కెపాసిటర్, ప్లస్ కాలు టీవీ యాంప్ వైపు ఉండాలి. కెపాసిటర్ దాటాక గ్రౌండ్‌కి 1కె. ఆ 1కె మీద నుంచి సబ్ యాంప్‌కి తీసుకో. గ్రౌండ్ అంటే ఆ యాంప్ సప్లై మైనస్. సిగ్నల్ ఆరో వంతుకి తగ్గుతుంది, స్పీకర్ లెవెల్‌ని లైన్ లెవెల్‌కి దించడానికి అది సరిపోతుంది. స్పీకర్ టెర్మినల్స్ రెసిస్టర్ లేకుండా ఒకదానికొకటి తగలకూడదు, పొరపాటున కూడా.

పాతరేడియో

దీనికి జతగా ఒక మాట. సబ్ అవుట్ అని విడిగా ఉన్న రిసీవర్ అయితే ఈ కలపడం గోలంతా వద్దు. అందులోంచి వచ్చేదే మోనో, ఫిల్టర్ కూడా అయి వస్తుంది. నేరుగా ఇచ్చేయడమే.

వూఫర్‌వీర

బోర్డు కట్టేశా! సౌండ్ వస్తోంది, గొంతులు లేవు, చిన్న స్పీకర్లు స్టీరియోలోనే ఉన్నాయి. కానీ ఒక్కటే టెన్షన్. పాట లేకపోయినా సన్నగా "మ్‌మ్‌మ్" అని హమ్. వాల్యూమ్ తగ్గిస్తే తగ్గుతుంది, కేబుల్ పీకేస్తే పూర్తిగా పోతుంది.

నిశ్శబ్దం

నా ఇలాకాలోకి వచ్చావు.

మామూలు స్పీకర్లలో వినపడని హమ్ సబ్‌లో వినపడుతుంది. 50 హెర్ట్జ్ హమ్‌ని నీ ఫిల్టర్ చేతులు చాచి లోపలికి పిలుస్తుంది, అది దాని పని. కాబట్టి ఫిల్టర్ దీన్ని ఆపదు, పుట్టే చోటే ఆపాలి.

కేబుల్ పీకితే పోతోందంటే నీ యాంప్ సప్లై శుభ్రంగానే ఉంది. కంప్యూటర్‌తో కలిసినప్పుడే వస్తోంది కాబట్టి గ్రౌండ్ లూప్ అనుకోవచ్చు. రెండు ప్రశ్నలు. డబ్బా లోహానిదా? ఆర్సీఏ జాక్ డబ్బాకి నేరుగా బిగించావా?

వూఫర్‌వీర

అవును, పాత సీపీయూ సప్లై డబ్బా, ఇనుముది. జాక్ నేరుగానే బిగించా. డబ్బాకి మూడు పిన్నుల వైరు ఎర్త్ ఇచ్చా. జాక్ గ్రౌండ్ నుంచి బోర్డుకి ఇంకో వైరు కూడా ఉంది.

నిశ్శబ్దం

అదే లూప్. సిగ్నల్ గ్రౌండ్‌కి రెండు దారులయ్యాయి, జాక్ నుంచి డబ్బాకి ఒకటి, బోర్డు నుంచి ఇంకోటి. కంప్యూటర్‌కీ ఎర్త్ ఉంది, నీ డబ్బాకీ ఎర్త్ ఉంది. ఆ చుట్టులో తిరిగే కరెంటు నీ కేబుల్ షీల్డ్ గుండా పోతూ సిగ్నల్‌లో కలుస్తోంది.

ముందుగా చెప్పేది: ఎర్త్ పిన్ పీకకు. హమ్ పోతుంది నిజమే, కానీ ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయిన రోజున డబ్బా మీద చెయ్యి వేసినవాళ్లు పోతారు. ఆ సలహా ఎవరిచ్చినా తీసుకోకు.

చేయాల్సింది ఇది. జాక్ కింద ప్లాస్టిక్ వాషర్లు వేసి డబ్బా నుంచి విడదీయి. లోపల సప్లై పెద్ద కెపాసిటర్లు రెండూ కలిసే చోటు, ఆ సున్నా వోల్టుల బిందువే నీ స్టార్ గ్రౌండ్. స్పీకర్ రిటర్న్, యాంప్ గ్రౌండ్, ఫిల్టర్ బోర్డు గ్రౌండ్ అన్నీ వేర్వేరు వైర్లతో అక్కడికే రావాలి. ముఖ్యంగా స్పీకర్ రిటర్న్ ఫిల్టర్ బోర్డు మీదుగా రాకూడదు. ఆంపియర్లు పారే వైరు అది, మిల్లీ వోల్టుల గ్రౌండ్‌తో పంచుకుంటే హమ్‌తో పాటు డిస్టార్షన్ కూడా. డబ్బా ఎర్త్ మాత్రం డబ్బాకి గట్టిగా బిగించే ఉండాలి. డబ్బా నుంచి స్టార్‌కి ఒక్క వైరు, ఒక్క చోటే.

అప్పటికీ కాస్త మిగిలితే జాక్ గ్రౌండ్‌కీ ఫిల్టర్ బోర్డు గ్రౌండ్‌కీ మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టు. లూప్ కరెంటు పడిపోతుంది, సిగ్నల్‌కి తేడా ఉండదు.

బేస్‌బాబాయ్

ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది కదా, చిన్న డబ్బాలో, ఆర్సీఏ పిన్నులతో. అది పెడితే ఒక్క దెబ్బకి పోతుంది.

నిశ్శబ్దం

హమ్ పోతుంది బాబాయ్, బేస్ కూడా పోతుంది. అందులో ఉండే చిన్న కోర్ 40, 50 హెర్ట్జ్ దగ్గర గట్టి సిగ్నల్‌కి శాచురేట్ అవుతుంది, అంటే నిండిపోయి ఇంక మోయలేదు. చిన్న స్పీకర్ల లైన్‌లో పెట్టుకుంటే ఓకే, సబ్ లైన్‌లో మాత్రం నేను పెట్టను.

వూఫర్‌వీర

వాషర్లు వేసి, స్పీకర్ రిటర్న్ నేరుగా కెపాసిటర్ల దగ్గరికి మార్చా. హమ్ మాయం. కోన్ దగ్గర చెవి పెడితేనే ఏదో ఉన్నట్టు. 10 ఓమ్‌లు అవసరం రాలేదు.

ఫిల్టర్ నిజంగా 75 దగ్గరే కోస్తోందో లేదో చూడాలంటే స్కోప్ (సిగ్నల్ ఆకారం చూపించే పరికరం) ఉండాలా?

ఓమ్‌లెక్క

అక్కర్లేదు. టోన్ జనరేటర్ యాప్ ఒకటి, మామూలు మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో. ఈ ఫ్రీక్వెన్సీల్లో చవక మీటర్లు కూడా బాగానే చూపిస్తాయి. వూఫర్ వైరు తీసెయ్. టోన్ రెండు ఛానెళ్లలోనూ పంపి, ఇన్‌పుట్ దగ్గర 1 వోల్ట్ వచ్చేలా కంప్యూటర్ వాల్యూమ్ సర్దు. సోర్స్ అంత ఇవ్వలేకపోతే అర వోల్ట్ పెట్టుకుని అన్నీ రెట్టింపు చేసుకో. మీటర్‌ని ఫిల్టర్ అవుట్‌పుట్‌కి మార్చి ఫ్రీక్వెన్సీ తిప్పు. రావలసినవి: 50 దగ్గర 0.91, 75 దగ్గర 0.71, 100 దగ్గర 0.49, 150 దగ్గర 0.24.

తర్వాత 50 మీద ఉంచి బ్యాలెన్స్‌ని పూర్తిగా లెఫ్ట్‌కి, ఆపైన పూర్తిగా రైట్‌కి తిప్పి చూడు. రెండు సార్లూ 0.45 చుట్టుపక్కల రావాలి. రెండూ కలిపినప్పుడు 0.9 బదులు సున్నాకి దగ్గరగా వస్తే ఒక ఛానెల్ ఎక్కడో తిరగబడిందని అర్థం, కొత్తచేయికి జరిగినట్టు.

వూఫర్‌వీర

50: 0.92
75: 0.73
100: 0.51
150: 0.25
లెఫ్ట్ ఒక్కటే 0.46, రైట్ ఒక్కటే 0.45.

లెక్కకి ఇంత దగ్గరగా వస్తుందనుకోలేదు!

ఓమ్‌లెక్క

కటాఫ్ 77 ప్రాంతంలో ఉంది. కెపాసిటర్లు 5 శాతం టాలరెన్స్‌వి అయితే ఆ మాత్రం జరగడం మామూలే. వదిలెయ్, ఏమీ మార్చకు.

క్రాస్ఓవర్

ఇక మిగిలింది పొలారిటీ, అంటే వూఫర్ ప్లస్, మైనస్ వైర్లు ఎటు కలపాలన్నది. సెకండ్ ఆర్డర్ ఫిల్టర్ కటాఫ్ దగ్గర సిగ్నల్‌ని 90 డిగ్రీలు వెనక్కి నెడుతుంది. దానికి గది, సబ్ పెట్టిన చోటు కలుస్తాయి. కాబట్టి ప్లస్ ప్లస్‌కే కలపాలన్న రూల్ సబ్ విషయంలో పనికిరాదు. చిన్న స్పీకర్లు, సబ్ రెండూ ఆన్ చేసి 80 హెర్ట్జ్ టోన్ పెట్టు. రోజూ కూర్చునే చోట కూర్చో. ఇంకొకరిని పిలిచి వూఫర్ వైర్లు తారుమారు చేయించు, యాంప్ ఆపి మాత్రమే. ఏది గట్టిగా వినిపిస్తే అది ఉంచు.

వూఫర్‌వీర

తారుమారు చేస్తేనే గట్టిగా ఉంది, అదీ బాగా తేడాతో. అలాగే ఉంచేశా. చివరి ప్రశ్న, కటాఫ్‌ని బయట నాబ్‌తో మార్చుకోవాలంటే కష్టమా?

ఓమ్‌లెక్క

కష్టం కాదు. 22కె డ్యూయల్ గ్యాంగ్ పాట్ (ఒకే నాబ్‌తో కలిసి తిరిగే రెండు పాట్‌లు) తీసుకో. మిక్సింగ్ జత 20కె చొప్పున మార్చు, రెండూ కలిసి 10కె అవుతాయి. అవి కలిసిన చోటు నుంచి మొదటి గ్యాంగ్ సిరీస్‌లో వెళ్లి 200 నానో ఉన్న బిందువుకి చేరాలి. అక్కణ్ణించి 10కె, దానికి సిరీస్‌లో రెండో గ్యాంగ్, ఆ తర్వాత ప్లస్ పిన్. కెపాసిటర్లు అవే. ఒక చివర 112 హెర్ట్జ్, ఇంకో చివర 35.

రెండు గ్యాంగ్‌లూ ఒకే వైపు తిరిగితే నిరోధం పెరిగేలా కాళ్లు కలుపు. ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గేలా కలిపితే నాబ్ ఎంత తిప్పినా కటాఫ్ దాదాపు అక్కడక్కడే తచ్చాడుతుంది, పాట్ పాడైందనుకుని ఇంకోటి కొంటావు. పాట్ చుట్టూ వైర్లు పొడుగైతే షీల్డ్ వైరు వాడు, షీల్డ్‌ని ఫిల్టర్ బోర్డు వైపు మాత్రమే గ్రౌండ్ చెయ్. పాట్ రేకు డబ్బాకి తగిలినా పర్వాలేదు, దాని కాళ్లు మాత్రం తగలకూడదు.